పట్టు వ్యాపారి ఇంటికి చేరని బొమ్మ

1503 ప్రాంతంలో ఫ్లారెన్స్ నగరంలో ఫ్రాన్సిస్కో దెల్ జొకొండో అనే పట్టు వ్యాపారి తన భార్య బొమ్మ గీసిపెట్టమని లియొనార్డో డావిన్సీని అడిగాడు. లియొనార్డో మొదలుపెట్టాడు కూడా. ఆ బొమ్మ మాత్రం వ్యాపారి ఇంటికి చేరిన దాఖలా లేదు. డబ్బు చెల్లించినట్టు లెక్క దొరకలేదు, బొమ్మ అప్పగించినట్టు కాగితమూ దొరకలేదు. పద్నాలుగేళ్ల తర్వాత చూస్తే, ఒక ఫ్లారెన్స్ స్త్రీ బొమ్మ ఫ్రాన్స్‌లో, అప్పటికే ముసలివాడైపోయిన లియొనార్డో దగ్గర ఉంది. ఇవాళ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అద్దం వెనక ఉన్నది, జనం ఎగబడి ఫోన్లు పైకెత్తి ఫొటో తీసుకునేది ఆ బొమ్మనే, మోనాలిసా.

మోనాలిసా రహస్యం అనగానే మనకు చెప్పే కథలు వేరు. కంటిపాపలో దాచిన అక్షరాలు, అసలది ఆడమనిషే కాదనే వాదం, అద్దంలో తిప్పి చూస్తే కనపడే గ్రహాంతరవాసి. యూట్యూబ్‌లో ఇవి బాగా నడుస్తాయి. కానీ ఈ బొమ్మ చుట్టూ ఉన్న ప్రశ్నల్లో కొన్నిటికి జవాబులు ఎప్పుడో దొరికాయి, కొన్ని అసలు ప్రశ్నలే కావు. నిజంగా తెగనిది ఒక్కటే: ఆర్డరు ఇచ్చినవాడికి బొమ్మ ఎందుకు అందలేదు? దాని వెనకే ఇంకోటి ఉంది. ఫ్రాన్స్‌లో తేలిన బొమ్మ, ఫ్లారెన్స్‌లో మొదలైన బొమ్మ ఒకటేనా?

ఎవరీవిడ

లిసా గెరార్దీని 1479 జూన్ 15న ఫ్లారెన్స్‌లో పుట్టింది. పేరున్న కుటుంబమే గానీ డబ్బు అంతగా లేదు. 1495 మార్చిలో, పదహారు నిండకుండానే, తనకంటే పద్నాలుగేళ్లు పెద్దవాడైన ఫ్రాన్సిస్కోకు ఇచ్చి పెళ్లి చేశారు. ఆయన భార్య పోయినవాడు, వ్యాపారంలో బాగా గడించినవాడు. లియొనార్డో తండ్రి సెర్ పియెరో అదే ఊళ్లో పేరున్న నోటరీ. ఫ్రాన్సిస్కోకు ఆయనతో పరిచయం ఉందని పత్రాలు చెబుతున్నాయి. 1503లో లియొనార్డో సేనాని సీజర్ బోర్జియా కొలువు వదిలేసి తిరిగొచ్చాడు, చేతిలో స్థిరమైన రాబడి లేదు. దాచుకున్న సొమ్ము తీసి ఖర్చుపెట్టుకుంటున్నాడు.

ఈ సంగతి ఎందుకు చెప్పాలంటే, అదే కాలంలో ఇటలీలోని మాంటువా పాలకుడి భార్య ఇసబెల్లా డెస్టె తన బొమ్మ గీయమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించింది. లియొనార్డో ఆమెకు ఒక రేఖాచిత్రం వేసి ఊరుకున్నాడు. 1501లో ఆమె తరఫున కబురు తెలుసుకోవడానికి వెళ్లిన సన్యాసి, ఈయన జ్యామితిలో మునిగిపోయాడు, కుంచె అంటేనే విసుగు పడుతున్నాడు అని తిరిగి రాశాడు. రాణిగారికే కుదరని పని ఒక వ్యాపారి భార్యకు ఎలా కుదిరిందంటే, తండ్రి మాట, చేతిలో డబ్బు లేకపోవడం రెండూ కలిసొచ్చాయనే అనుకోవాలి.

ఈ ఆర్డరు గురించి మొదట అచ్చులో చెప్పింది చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన జార్జియో వసారి, 1550లో. ఫ్రాన్సిస్కో కోసం ఆయన భార్య మోనాలిసా బొమ్మను లియొనార్డో మొదలుపెట్టాడనీ, నాలుగేళ్లు కష్టపడి పూర్తిచేయకుండా వదిలేశాడనీ, ఇప్పుడది ఫ్రాన్స్ రాజు దగ్గర ఫాంటెన్‌బ్లోలో ఉందనీ రాశాడు. చిక్కేమిటంటే వసారి పుట్టిందే 1511లో. బొమ్మ ఫ్రాన్స్‌లో ఉంది, ఆయన దాన్ని చూడలేదు. పైగా ఆవిడ కనుబొమల వెంట్రుకలు చర్మంలోంచి ఎలా మొలుచుకొచ్చాయో వర్ణించి మరీ మెచ్చుకున్నాడు. లూవ్ర్‌లో ఉన్నావిడకు కనుబొమలే కనపడవు!

దాంతో వసారి మాట మీద అనుమానం మొదలైంది. బొమ్మలో ఉన్నది అరగాన్ వంశపు ఇసబెల్లా అన్నారు, కోస్తాన్సా దావలోస్ అన్నారు, లియొనార్డో తల్లి అన్నారు. ఆయన శిష్యుడు సలాయ్ అన్నారు. 1987లో కంప్యూటర్ మీద ముఖాలు అతికించి చూసి, లియొనార్డో తన ముఖాన్నే ఆడదానిగా గీసుకున్నాడన్నారు. గీసేవాడికి ముఖం గీయడంలో ఒక అలవాటైన కొలత ఉంటుంది కదా, అది ప్రతి బొమ్మలోనూ తొంగిచూస్తుంది. ఆ పోలికకు అంతకుమించి అర్థం లేదనుకుంటాను.

ఈ గందరగోళాన్ని చాలావరకు తేల్చింది ఒక పుస్తకం అంచు మీద రాసుకున్న నాలుగు ముక్కలు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో 1477లో అచ్చయిన, రోమన్ వక్త సిసిరో లేఖల ప్రతి ఒకటుంది. అది ఒకప్పుడు అగొస్తినో వెస్పుచ్చిది. ఈయన ఫ్లారెన్స్ ప్రభుత్వ కార్యాలయంలో రాజనీతి రచయిత మాకియవెల్లి దగ్గర పనిచేసిన గుమాస్తా. గ్రీకు చిత్రకారుడు అపెలెస్ వీనస్ తలను అద్భుతంగా పూర్తిచేసి మిగతా శరీరాన్ని అలాగే వదిలేశాడని సిసిరో అన్నచోట, పక్కన 1503 అక్టోబర్ అని తేదీ వేసి వెస్పుచ్చి రాసుకున్నాడు: లియొనార్డో కూడా అన్ని బొమ్మలూ ఇలాగే చేస్తాడు, లిసా దెల్ జొకొండో తల, మేరీ తల్లి ఆన్ బొమ్మ ఇలాంటివే, ఇక మహాసభ హాలు గోడ సంగతి ఏంచేస్తాడో చూద్దాం. 2005లో ఆ గ్రంథాలయంలోనే పనిచేసే ఆర్మిన్ ష్లెక్టర్ దీన్ని గమనించాడు.

నాకు ఈ సాక్ష్యంలో నచ్చేది దాని తీరు. ఎవర్నో నమ్మించడానికి రాసింది కాదు. ఆఫీసు మనిషి పుస్తకం చదువుతూ ఊళ్లో చిత్రకారుడి మీద విసిరిన చిన్న ఎత్తిపొడుపు. ఆ హాలు గోడ మీద వేయాల్సిన ఆంగియారి యుద్ధచిత్రాన్నీ లియొనార్డో మధ్యలోనే వదిలేశాడు, వెస్పుచ్చి భయపడ్డట్టే. అంటే 1503లో లిసా బొమ్మ ఉంది, అది పూర్తికాలేదు, ఆ సంగతి ఊళ్లో తెలుసు. వసారి మిగతా వివరాలు ఎలా ఉన్నా, మొదటి వాక్యం నిజమే.

1517లో చూసినదెవరిని

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. 1517 అక్టోబర్ 10న కార్డినల్ లుయిజీ దరగోనా ఫ్రాన్స్‌లోని అంబ్వాజ్‌లో లియొనార్డోను చూడ్డానికి వెళ్లాడు. వెంట ఉన్న కార్యదర్శి ఆంటోనియో డి బియాటిస్ డైరీ రాశాడు. లియొనార్డో మూడు బొమ్మలు చూపించాడట: ఒకటి పడుచువాడైన బాప్తిస్మమిచ్చు యోహాను, ఒకటి ఆన్ ఒడిలో కూర్చున్న మేరీ, బాలయేసు. మూడోది, 'కీర్తిశేషులు జూలియానో డి మెడిచిగారి కోరిక మీద, మనిషిని ఎదురుగా పెట్టుకుని గీసిన ఒక ఫ్లారెన్స్ స్త్రీ' బొమ్మ. లియొనార్డోకు కుడిచేయి పడిపోయిందని కూడా రాశాడు.

మొగుడు ఫ్రాన్సిస్కో ఊసే లేదు. జూలియానో ఎక్కణ్నుంచి వచ్చాడు? ఆయన ఫ్లారెన్స్‌ను ఏలిన మెడిచి వంశస్థుడు, పోప్ పదో లియో తమ్ముడు, 1513 నుంచి రోమ్‌లో లియొనార్డోను పోషించినవాడు. 1516లో చనిపోయాడు. దీంతో కొందరు, లూవ్ర్ బొమ్మ జూలియానో ప్రియురాలిదంటారు. ఎక్కువగా వినపడే పేరు పాచిఫికా బ్రందానీ. ఆమె జూలియానోకు కొడుకును కని చనిపోయింది, తల్లిలేని పిల్లవాడికి చూపించడానికి ఆ బొమ్మ వేయించాడని కథ. కథ బాగుంది, కానీ ఆవిడది ఉర్బినో. డి బియాటిస్ ఫ్లారెన్స్ స్త్రీ అని స్పష్టంగా రాశాడు. అరగాన్ ఇసబెల్లా అనడం అంతకన్నా కష్టం. ఆ రోజు బొమ్మ ముందు నిలబడ్డ కార్డినల్ ఆమెకు దగ్గరి బంధువు. తన వంశపు ఆడపడుచును చూసి ఎవరో ఫ్లారెన్స్ స్త్రీ అనుకుని వచ్చేస్తారా?

మరి జూలియానో పేరు? ఆయన కూడా ఫ్లారెన్స్‌లోనే పుట్టాడు, లిసా పుట్టిన ఏడాదే. రోమ్‌లో లియొనార్డో దగ్గర సగంలో ఉన్న బొమ్మ చూసి పూర్తిచేయమని అడిగి ఉండొచ్చు. నా అనుమానం ఇంకోటుంది. జూలియానో పెళ్లాడింది ఫ్రాన్స్ రాజు తల్లికి సవతి చెల్లెలిని. ఆ రాజు కొలువులో ఉంటూ, ఈ బొమ్మ ఎవరి కోసం గీశావని వచ్చిన పెద్దమనిషి అడిగితే, పద్నాలుగేళ్లుగా ఒక పట్టు వ్యాపారికి ఎగ్గొట్టిన పని అని చెప్పడం కన్నా మెడిచి పేరు చెప్పడం ఎంతో తేలిక. రుజువు లేదు, నా ఊహ మాత్రమే.

ఇంకో వర్గం, బొమ్మలే రెండు అంటుంది. 1584లో లొమాత్సో అనే రచయిత 'జొకొండ (అంటే జొకొండో భార్య), మోనాలిసా' అని రెండు వేర్వేరు బొమ్మల్లా ప్రస్తావించడం వాళ్లకు ఆధారం. 'ఐజిల్‌వర్త్ మోనాలిసా' పేరుతో తిరిగే బొమ్మే ఆ మొదటిదని దాని యజమానులు 2012లో జెనీవాలో ప్రదర్శన పెట్టి మరీ చెప్పారు. అది గుడ్డ మీద గీసింది. లియొనార్డో పెయింటింగులు దాదాపు అన్నీ చెక్క మీదవే. నిపుణుల్లో ఎక్కువమంది దాన్ని ఒప్పుకోలేదు.

తర్వాత బొమ్మ చేతులు మారిన తీరులో మరో ముడి ఉంది. 1519 మేలో లియొనార్డో చనిపోయాడు, వీలునామాలో పెయింటింగుల మాటే లేదు. 1518లో ఫ్రాన్స్ రాజు ఖజానా నుంచి కొన్ని చిత్రాలకుగాను శిష్యుడు సలాయ్‌కి 2,600 పైచిలుకు లివ్రలు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) ఇచ్చినట్టు ఒక లెక్క బయటపడింది. ఆ బొమ్మల్లో ఇదీ ఉంటే కథ సుఖాంతమే. కానీ 1525లో మిలన్‌లో, చనిపోయిన సలాయ్ ఆస్తుల జాబితాలో 'జొకొండ' అని ఒక బొమ్మ ఉంది, అదీ మంచి ధరకు. అమ్మేసిన బొమ్మ మళ్లీ ఇంట్లో ఎలా ఉంటుంది? అది నకలా? నకలుకు అంత ధరా? ఈ రెండు కాగితాలనూ కలిపి ఒప్పించే సమాధానం ఇంతవరకూ రాలేదు. ఒక లాభం మాత్రం ఉంది. వసారి పుస్తకానికి పాతికేళ్ల ముందే, లియొనార్డోతో దాదాపు ముప్ఫై ఏళ్లు కలిసి బతికిన మనిషి ఇంట్లో ఆ బొమ్మకు జొకొండ అనే పేరు ఉంది. ఆ పేరు వసారి కల్పించింది కాదు.

బొమ్మ ఒప్పుకున్నవి

కాగితాలు ఆగిన చోట యంత్రాలు కొంత పని చేశాయి. పాప్లర్ చెక్క పలక, 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 వెడల్పు. పాత నకళ్లలో ఆవిడకు రెండు పక్కలా స్తంభాలు పూర్తిగా కనిపిస్తాయి, లూవ్ర్ బొమ్మలో వాటి మొదళ్లు కాస్త తప్ప లేవు. ఎవరో అంచులు కోసేశారని చాలాకాలం నమ్మారు. పలకను దగ్గరగా పరీక్షిస్తే రంగు చుట్టూ నాలుగు వైపులా పూత పడని అంచు అలాగే ఉంది. ఎవరూ కోయలేదు.

పరారుణ ఛాయాచిత్రాల్లో ఆమె దుస్తుల మీద అతి పల్చటి పారదర్శక వస్త్రం బయటపడింది. అప్పటి ఇటలీలో గర్భిణులు, బాలింతలు వేసుకునేదిగా నిపుణులు దాన్ని గుర్తించారు. లిసా కొడుకు ఆండ్రియా పుట్టింది 1502 డిసెంబర్‌లో. 1503లో ఫ్రాన్సిస్కో కొత్త ఇల్లు కొన్నాడు. భార్య బొమ్మ వేయించాలనుకోవడానికి అంతకన్నా మంచి సందర్భం ఏముంటుంది?

కనుబొమల సంగతి. 2007లో పాస్కల్ కాట్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు తన అధిక రిజల్యూషన్ కెమెరా చిత్రాల్లో ఎడమ కనుబొమలో ఒకే ఒక్క వెంట్రుక గీత కనిపించిందన్నాడు. స్పెయిన్‌లోని ప్రాడో మ్యూజియం దగ్గర ఉన్న నకలు ఇంకా గట్టి సాక్షి. అందులో ఆవిడ వెనక పూసిన నల్లరంగును తొలగిస్తే కింద అవే కొండలు, అవే దారులు బయటపడ్డాయి. 2012లో ప్రాడో ఈ సంగతి ప్రకటించింది. ఆ నకలులో కనుబొమలు చక్కగా ఉన్నాయి. అసలు బొమ్మలోనివి రంగు వెలిసో, ఏదో కాలంలో తుడవబోతేనో పోయి ఉండాలి. ఆనాటి ఆడవాళ్లు కనుబొమలు పీకించుకునేవారన్న వివరణ దీని ముందు నిలవదు.

ప్రాడో నకలులో అసలు విశేషం ఇంకోటి. లియొనార్డో గీస్తూ చేసిన దిద్దుబాట్లే, అవే చోట్ల, నకలు అడుగున ఉన్న గీతల్లోనూ కనిపించాయి. పూర్తయిన బొమ్మను చూసి వేసే నకలులో ఇలా జరగదు. గురువు పక్కనే కూర్చుని, ఆయన మార్చినప్పుడల్లా శిష్యుడూ మార్చుకుంటూ పోయాడన్నమాట.

ఆ నవ్వు ఎలా వచ్చిందన్నదానికి కూడా ఇప్పుడు చాలావరకు సమాధానం ఉంది. 2010లో ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు ఎక్స్‌రే పద్ధతిలో, రంగు గీకకుండానే పూతల మందం కొలిచారు. పల్చటి మల్లు గుడ్డలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు, మైక్రోమీటర్లలో లెక్కపెట్టాల్సిన పూతలవి. నీడల దగ్గర అన్నీ కలిపినా ఒక వెంట్రుక మందం దాటవు. అందుకే పెదవి కొస ఎక్కడ ఆగి బుగ్గ ఎక్కడ మొదలవుతుందో గీత దొరకదు. హార్వర్డ్ నాడీ శాస్త్రవేత్త మార్గరెట్ లివింగ్‌స్టన్ వివరణ ప్రకారం, కంటి అంచు చూపు మసకనీడలను బాగా పట్టుకుంటుంది, నేరు చూపు సన్నని వివరాలను పట్టుకుంటుంది. ఆవిడ కళ్లవైపు చూస్తే పెదవుల నీడలు అంచు చూపులో పడి నవ్వు పెరుగుతుంది. నేరుగా పెదవులు చూస్తే తగ్గిపోతుంది. 2005లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌తో లెక్కవేసి, ఈ ముఖంలో 83 శాతం సంతోషం, 9 శాతం అసహ్యం ఉన్నాయన్నారు. ఇలాంటి లెక్కలు ఎందుకు వేస్తారో నాకైతే అర్థం కాదు.

కళ్లు మనల్ని వెంటాడతాయన్న మాట ఇంకా తమాషా. బొమ్మలోని కళ్లు మనం ఎటు వెళితే అటు చూస్తున్నట్టుండే భ్రాంతికి శాస్త్రంలో 'మోనాలిసా ఎఫెక్ట్' అనే పేరు పెట్టేశారు. 2019లో జర్మనీలోని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చూస్తే, ఆవిడ చూపు మనకు కుడిపక్కగా, సుమారు 15 డిగ్రీలు తప్పి పోతోంది. అంటే మోనాలిసా ఎఫెక్ట్ మోనాలిసాకే లేదు.

వెనక ఉన్న వంతెన ఎక్కడిదన్న పోటీ ఇటలీలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. బురియానో అంటారు, బోబ్బియో అంటారు, లతెరీనా, లెక్కో అంటారు. ప్రతి ఊరికీ ఒక పరిశోధకుడు, టూరిజం మీద ఒక ఆశ. ఎడమవైపు నేల ఒక ఎత్తులో, కుడివైపు ఇంకో ఎత్తులో ఉన్న దృశ్యంలో అడ్రసు వెతకడం వృథా. డాక్టర్లదీ ఇదే తంతు. కంటిపక్కన పసుపుమచ్చ చూసి కొలెస్ట్రాల్ అన్నారు, జుట్టు చూసి థైరాయిడ్ అన్నారు. లిసా 1542 దాకా, అరవై మూడేళ్లు బతికింది.

ఇంత రహస్యం ఎప్పుడు పట్టింది

వసారికి ఈ నవ్వులో గూఢమేమీ కనపడలేదు. గీసేటప్పుడు దిగులు రాకుండా పాటగాళ్లను, హాస్యగాళ్లను పెట్టారని, అందుకే నవ్వు ముచ్చటగా ఉందని మాత్రమే రాశాడు. దానికి మిస్టరీ అంటగట్టింది పందొమ్మిదో శతాబ్దపు రచయితలు. ఫ్రాన్స్‌లో తెయోఫిల్ గోతియె, 1869లో ఇంగ్లండ్‌లో వాల్టర్ పేటర్ ఆమెను అంతుచిక్కని, ప్రమాదకరమైన స్త్రీగా మార్చేశారు.

మామూలు జనంలోకి తెచ్చింది దొంగతనం. 1911 ఆగస్టు 21, సోమవారం, మ్యూజియంకు సెలవు. అక్కడ అద్దాలు బిగించే పని చేసిన విన్సెంజో పెరూజా బొమ్మ తీసుకుని నడిచి వెళ్లిపోయాడు. మర్నాటిదాకా సంగతి తేలలేదు. కవి అపొలినేర్‌ను అరెస్టు చేశారు, పికాసోను ప్రశ్నించారు. రెండేళ్ల తర్వాత పెరూజా ఫ్లారెన్స్‌లో ఒక పురాతన వస్తువుల వ్యాపారికి అమ్మబోయి దొరికాడు. నెపోలియన్ దోచుకున్న బొమ్మను స్వదేశానికి తెచ్చానన్నాడు గానీ, నెపోలియన్ పుట్టడానికి చాలా ముందే అది ఫ్రాన్స్ రాజులది. ఆరు నకళ్లు అమ్ముకోవడానికే ఒక మార్క్విస్ దొంగతనం చేయించాడన్న కథ 1932లో ఒక అమెరికన్ విలేఖరి రాసింది. ఆ నకళ్లలో ఒక్కటీ ఇంతవరకూ బయటపడలేదు. ఏమైతేనేం, లిసా ఊరికి బొమ్మ ఆ రకంగా, దొంగ సామానులో ఒకసారి వచ్చి వెళ్లింది.

అందుకే ఇవ్వలేదా?

మొదటి ప్రశ్నకు నా జవాబు ప్రాడో నకలులో ఉంది. 1503 అక్టోబర్‌లో పెద్ద గోడపని వచ్చిపడింది, 1506లో మిలన్ పిలిచింది, ఫ్రాన్సిస్కో పని వెనకబడింది. ఇంతవరకు ఏ చిత్రకారుడికైనా జరిగేదే. కానీ ఒక్కో పూత ఆరేదాకా ఆగి ఇంకోటి వేసే పద్ధతికి, శిష్యుడు పక్కన కూర్చుని ప్రతి మార్పూ నేర్చుకునే ఏర్పాటుకు గడువు అంటూ ఉండదు. 2023లో ప్రచురితమైన విశ్లేషణలో బొమ్మ అడుగుపూతలో సీసం ఆక్సైడ్ కలిపి కాచిన నూనె ఆనవాళ్లు దొరికాయి, రంగు త్వరగా ఆరడానికి ఆయన చేసుకున్న ప్రయోగం అది. నాకు తోచేది, మొదలైన కొన్నేళ్లకే అది లిసా భర్త ఆర్డరు కాకుండా పోయింది. లియొనార్డో తనకు తెలిసిన కాంతి, కండరాలు, నీళ్లు, రాళ్లు అన్నీ పరీక్షించుకునే పలకైంది. అందుకే లూవ్ర్ దానికి ఒక్క ఏడాది చెప్పదు, 1503 నుంచి 1519 అంటుంది. ఫ్రాన్సిస్కో ఫిర్యాదు చేసిన దాఖలా లేదు. 1537 వీలునామాలో భార్యను మాత్రం ఎంతో ప్రేమగా తలుచుకున్నాడు.

ఆ పదహారేళ్లలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేలాలంటే పైన ఉన్న వార్నిష్ పొరలు అడ్డం. అవి పసుపెక్కి ఆకాశాన్ని ఆకుపచ్చగా మార్చేశాయి. ప్రాడో నకలు పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. డి బియాటిస్ ఆ రోజు చూసిన మూడు బొమ్మలూ ఇప్పుడు లూవ్ర్‌లోనే ఉన్నాయి. 'ఆన్' బొమ్మకు 2012 నాటికి వార్నిష్ పల్చబరిచారు, ఆ పని మితిమీరిందని సలహా సంఘంలోంచి ఇద్దరు నిపుణులు తప్పుకున్నారు. యోహాను బొమ్మ 2016లో శుభ్రమైంది. మూడోదాని జోలికి ఎవరూ పోలేదు. పైనుంచి తల దాకా పాత బీట ఉన్న పలక అది, ముఖం మీద వెంట్రుక మందం కూడా లేని పూతలు. కనుబొమల్లో మిగిలిన ఆ ఒక్క గీత కూడా చెరిగిపోతే జవాబు చెప్పుకోవాల్సింది తానేనని ప్రతి డైరెక్టరుకూ తెలుసు. 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు ఈ బొమ్మకు వేరే గది కట్టిస్తామని ప్రకటించారు. వార్నిష్ ఊసు మాత్రం ఎత్తలేదు.